విస్మృతి, నేరం, బాధ్యత: ‘న్వార్’ యానిమే ధారావాహికలో హంతక స్త్రీల పాత్రచిత్రణ

వ్యాససంగ్రహం

2001లో జపాన్ టెలివిజన్‌లో ప్రసారమైన ‘న్వార్’ యానిమే ధారావాహిక ఇద్దరు యువ హంతకురాళ్ల కథ. చీకటి వాతావరణం, శైలీకృతమైన దృశ్యకల్పన, సంగీతం దీనికి పేరు తెచ్చాయి. హత్యను రక్తరహితంగా, లయబద్ధంగా చూపడం వల్ల ఈ కృతి హింస బరువును తగ్గించిందనే అభ్యంతరానికి అవకాశం ఉంది. ఆ అభ్యంతరాన్ని పరిశీలించి, ఈ కృతి హత్యాభారాన్ని శరీరం నుంచి జ్ఞాపకానికి తరలించిందనీ, స్మృతి కోల్పోయిన బాలిక తన నేరాన్ని తనదిగా అంగీకరించే క్రమమే దీని ప్రధాన ఇతివృత్తమనీ నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం. ఆ అంగీకారానికి ఉన్న పరిమితులు కూడా ఇందులో చర్చకు వస్తాయి.

కీలకపదాలు: యానిమే, న్వార్, హంతక స్త్రీ, స్మృతి, బాధ్యత, కరుణరసం, శైలీకరణ.

1. ఉపోద్ఘాతం

భారతీయ సాహిత్యంలో హత్యకు సాధనమైన స్త్రీ అనగానే విషకన్య గుర్తుకు వస్తుంది. విశాఖదత్తుని ‘ముద్రారాక్షసం’లో చంద్రగుప్తుని వధకు రాక్షసమంత్రి ప్రయోగించిన విషకన్య చాణక్యుని ఎత్తుగడ వల్ల పర్వతకుని మరణానికి కారణమవుతుంది. నాటకంలో ఆమె రంగస్థలం మీదకు రాదు. ఆమె పేరు తెలియదు. తనను ఎవరు పెంచారో, తాను చేసిన పని ఆమెకు ఎలా తోచిందో నాటకం చెప్పదు. ఇద్దరు మంత్రుల మేధాసంఘర్షణలో ఆమె ఒక ఆయుధం మాత్రమే.

ఆయుధంగా పెంచబడిన స్త్రీకి తాను చేసిన హత్యల విషయంలో బాధ్యత ఉందా అనే ప్రశ్న విషకన్య మౌనంలోనే ఉంది. ఆ ప్రశ్నను 26 భాగాల నిడివిలో చర్చించిన దృశ్యకథనం ‘న్వార్’. కోయిచి మషిమో దర్శకత్వంలో, ర్యోయె త్సుకిమురా రచనతో, బీ ట్రెయిన్ స్టూడియో నిర్మించిన ఈ ధారావాహిక 2001 ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు టీవీ టోక్యోలో ప్రసారమైంది. సంగీతం యుకి కజియురా. ఇదే దర్శకుడు తరువాత రూపొందించిన ‘మాద్లాక్స్’ (2004), ‘ఎల్ కజదోర్ దె లా బ్రూహా’ (2007) అనే ధారావాహికలతో కలిపి దీనిని తుపాకి పట్టిన బాలికల కథాత్రయంగా వ్యవహరిస్తారు. ప్రస్తుత పరిశీలన మొదటి కృతికే పరిమితం.

2. పేరు, నేపథ్యం

‘న్వార్’ అంటే ఫ్రెంచి భాషలో నలుపు. 1945లో గాలిమార్ ప్రచురణ సంస్థలో మార్సెల్ ద్యుహామెల్ ప్రారంభించిన నేరనవలల శ్రేణి పేరులో ఈ పదం ఉంది. 1946లో నినో ఫ్రాంక్ అనే విమర్శకుడు కొన్ని అమెరికన్ నేరచిత్రాలను వివరించడానికి ‘ఫిల్మ్ న్వార్’ అనే మాట వాడాడు. అమెరికన్ చిత్రాలకు ఫ్రెంచి విమర్శ పెట్టిన పేరు అర్ధశతాబ్దం తరువాత ఒక జపనీస్ కృతికి శీర్షికైంది. కథాస్థలం మళ్లీ పారిస్ నగరమే.

ఈ రాకపోకలలో ప్రస్తావించదగిన పూర్వకృతి జాఁ పియర్ మెల్విల్ తీసిన ‘ల సమురాయ్’ (1967). అది జపనీస్ పేరు పెట్టుకున్న ఫ్రెంచి హంతకుని కథ. ఆ చిత్రం ఒక ప్రాచీన జపనీస్ గ్రంథవాక్యంతో మొదలవుతుంది. ఆ వాక్యం మెల్విల్ స్వయంగా కల్పించినది. ‘న్వార్’ కూడా ప్రాచీన వచనంలా వినిపించే కల్పిత ప్రస్తావనతోనే ప్రారంభమవుతుంది. న్వార్ ఒక పురాతన విధికి పేరని, మరణాన్ని శాసించే ఇద్దరు కన్యలని అది చెబుతుంది. కల్పిత సంప్రదాయాన్ని హంతకుల భుజాల మీద పెట్టడంలో రెండు కృతులూ ఒకటే. తేడా ఆ సంప్రదాయం పట్ల పాత్రల వైఖరిలో ఉంది. మెల్విల్ నాయకుడు తన నియమానికి కట్టుబడి మరణిస్తాడు. ‘న్వార్’ నాయికలు తమపై రుద్దిన సంప్రదాయాన్ని తిరస్కరించి బయటకు నడుస్తారు.

మరొక సామ్యం గృహచిత్రణలో కనిపిస్తుంది. మెల్విల్ హంతకుని బోసి గదిలో పంజరంలో ఒక పక్షి ఉంటుంది. పారిస్‌లో ఈ ఇద్దరి నివాసంలో బిలియర్డ్స్ బల్ల, దాని మీద కంప్యూటర్, కిటికీ దగ్గర ఒక కుండీమొక్క ఉంటాయి. ఆ మొక్కకు నీళ్లు పోయడం ఎవరి ఆజ్ఞా లేకుండా కిరికా చేసే పని. హత్యల మధ్య పునరావృతమయ్యే ఈ చిన్న చర్య ఆమె పాత్రలో రాబోయే పరిణామానికి బీజప్రాయం.

3. కథావస్తువు

కిరికా యూమురా అనే జపనీస్ పాఠశాల విద్యార్థిని తాను ఎవరో తెలియని స్థితిలో ఒక ఇంట్లో కళ్లు తెరుస్తుంది. ఆమె దగ్గర ఒక తుపాకి, అబద్ధపు విద్యార్థి గుర్తింపు కార్డు, రాగం పలికే ఒక జేబుగడియారం ఉన్నాయి. తన పేరు కూడా నిజం కాదని ఆమెకు తెలుసు. మనుషులను చంపే నైపుణ్యం మాత్రం ఆమె చేతుల్లో ఉంది. పారిస్‌లో కిరాయి హంతకురాలిగా జీవించే మిరేయ్ బూకేకు ఆమె సందేశం పంపుతుంది. కోర్సికాలో తన కుటుంబం హత్యకు గురైన నాడు విన్న రాగమే ఆ గడియారం నుంచి వినిపించడంతో మిరేయ్ ఆమెను వెంట తీసుకువెళుతుంది. గతం తేలిన రోజున కిరికాను చంపాలన్నది ఇద్దరి మధ్య ఒప్పందం.

వారి అన్వేషణ ‘సోల్దా’ అనే రహస్య సంఘం వైపు సాగుతుంది. వేయి సంవత్సరాల కిందట యుద్ధపీడిత ఐరోపాలో పుట్టిన ఆ సంఘం ఇప్పుడు అధికార యంత్రాంగాలలో విస్తరించి తన తొలి ఆశయాన్ని మరిచిపోయింది. ‘న్వార్’ అనే ఇద్దరు కన్యల వ్యవస్థను పునరుద్ధరించి సంఘాన్ని ప్రక్షాళన చేయాలన్నది ఆల్తెనా అనే స్త్రీ సంకల్పం. ఆమె పెంపకంలో ఎదిగిన క్లోయే ఒక కన్య. రెండవ కన్య స్థానానికి కిరికా, మిరేయ్ ఇద్దరూ అభ్యర్థులు. వారికి తెలియకుండానే వారి జీవితాలు పరీక్షాక్షేత్రాలయ్యాయి.

4. రక్తం కనిపించని హత్య

ఈ ధారావాహికలో హత్యలు అసంఖ్యాకం. రక్తం మాత్రం దాదాపు కనిపించదు. తుపాకి పేలుతుంది, మనిషి కూలిపోతాడు, దుస్తులు తెల్లగానే ఉంటాయి. దీనికి ప్రసార పరిమితులు కారణమైనా, కళాత్మక నిర్ణయం కారణమైనా, ఫలితంగా ఏర్పడిన రసస్థితి విశ్లేషణార్హం.

రసపరిభాషలో చెప్పాలంటే, వధాదృశ్యం సహజంగా రౌద్ర, భయానక, బీభత్సాలకు ఆలవాలం. ఇక్కడ జుగుప్సకు ఆలంబనమైన రక్తమాంసాలు తొలగడంతో బీభత్సానికి చోటు లేదు. కిరికా ముఖంలో క్రోధం లేకపోవడంతో రౌద్రమూ పోషణ పొందదు. మిగిలేది ఒక వింత నిశ్చలత. దానిని నింపేది సంగీతం. పోరాట ఘట్టాలలో తరచుగా వినిపించే లాటిన్ గీతం ‘సాల్వా నోస్’ శీర్షికకు మమ్మల్ని రక్షించమని అర్థం. తుపాకి గురిపెట్టిన వేళ ప్రార్థన వినిపిస్తే, రక్షణ కోరుతున్నది హతులా, హంతకులా అనే సందేహం కలుగుతుంది. ఆ సందేహాన్ని ధారావాహిక తీర్చదు.

హింసను ఇలా శుభ్రపరచడం దానిని సులభంగా ఆస్వాదించగల వస్తువుగా మార్చుతుందనే వాదన బలమైనదే. అనేక భాగాలలో ఆ ప్రమాదం నిజంగానే ఉంది. అయితే కథాగమనాన్ని సమగ్రంగా పరిశీలిస్తే, మొదటి సగంలోని ఆ శుభ్రత కిరికా మనఃస్థితికి అనుగుణమైనదని తెలుస్తుంది. ఆమెకు హత్య అంటుకోదు. ఎందుకంటే అంటుకోవడానికి ఆమెలో జ్ఞాపకం లేదు. దృశ్యశైలి ఆమె శూన్యతను ప్రేక్షకునికి అనుభవంలోకి తెస్తుంది. రక్తపు మరక ఏర్పడవలసిన చోటు బట్ట మీద కాక స్మృతి మీద ఉంది. ఆ మరక ఏర్పడటానికి 20కి పైగా భాగాల కాలం పడుతుంది.

5. శూన్యం నుంచి శోకానికి: కిరికా

‘న్వార్’కు ఒక ఏడాది ముందు, 2000లో, జపాన్ మనోవైద్యుడు తమాకి సైతో పోరాడే సుందర బాలిక అనే పాత్రరూపంపై మనోవిశ్లేషణ గ్రంథం ప్రచురించాడు. పాశ్చాత్య కథనాలలో ఆయుధం పట్టే స్త్రీకి పూర్వపు గాయం ఒక ప్రేరణగా ఉంటుందని, జపాన్ యానిమేలోని బాలికకు అటువంటి గాయమేదీ ఉండదని, ఆ శూన్యతే ఆమె ఆకర్షణకు మూలమని ఆయన ప్రతిపాదన సారాంశం. ‘న్వార్’ ఈ రెండు రూపాలనూ ఒకే గదిలో నివసింపజేసింది. మిరేయ్‌కు గాయం ఉంది. కిరికాకు శూన్యం ఉంది. కానీ కిరికా ఆ శూన్యాన్ని సహజస్థితిగా అంగీకరించదు. ఇంత తేలికగా చంపగలిగిన తనకు దుఃఖం ఎందుకు కలగడం లేదని మొదటి భాగంలోనే వ్యాకులపడుతుంది. సైతో సూత్రీకరించిన పాత్ర తన లోపాన్ని తానే ప్రశ్నించుకోవడం ఈ కృతి ప్రత్యేకత.

ఆ ప్రశ్నకు సమాధానం క్రమంగా రూపుదిద్దుకుంటుంది. రష్యా నేపథ్యంగా సాగే ఆరవ భాగంలో వారి లక్ష్యం యూరి నజరోవ్ అనే వృద్ధుడు. గతంలో ఒక చిన్న జాతి సంహారానికి కారకుడైన అతడు ఇప్పుడు పేదలకు అన్నం పెట్టే దయామూర్తిగా జీవిస్తున్నాడు. వ్యాధితో మరణానికి చేరువలో ఉన్నాడు. అతని పిల్లికూన పేరు ప్రిన్స్ మిష్కిన్. దొస్తయెవ్‌స్కీ ‘ఇడియట్’ నవలలోని నిర్మలహృదయుని పేరును ఒక సంహారకుడు తన పిల్లికి పెట్టుకోవడంలోని వ్యంగ్యం గమనించదగినది. ఆ పిల్లి ద్వారా కిరికాకు తన లక్ష్యం మనిషిగా పరిచయమవుతాడు. అతని నేటి మంచితనం నిన్నటి నేరాన్ని మాపుతుందా అనే ప్రశ్న అప్పటికి నజరోవ్‌ది. కథ ముగింపు నాటికి అదే ప్రశ్న కిరికాది అవుతుంది. ఈ భాగాన్ని విడికథగా కాక పూర్వసూచనగా చదవవలసి ఉంది.

రాంబో కావ్యశీర్షికను తలపించే పేరు గల 13వ భాగంలో కిరికా పారిస్‌లో చిత్రలేఖనం మొదలుపెడుతుంది. మిలోష్ అనే మాజీ సైనికుడు ఆమెకు స్నేహితుడవుతాడు. తుపాకి పట్టిన రెండు చేతులు కొద్దిరోజులు పెన్సిల్ పడతాయి. ఆమెను వెంటాడే వారి దాడిలో మిలోష్ మరణిస్తాడు. ఇక్కడ కిరికా కన్నీరు పెడుతుంది. మొదటి భాగంలో రాని దుఃఖం సరిగ్గా కథ నడుమ వచ్చింది. ఈ ధారావాహికలో కరుణరసం స్థిరపడేది ఈ ఘట్టంలోనే. శోకం కలిగాకనే ఆమె తన గతాన్ని జ్ఞాపకంగా భరించగల పాత్రగా మారుతుంది.

6. గడియారం: అభిజ్ఞానం

జేబుగడియారం ఈ కథలో అభిజ్ఞాన వస్తువు. కాళిదాసు నాటకంలో ఉంగరం దొరకగానే దుష్యంతునికి మరచిన ప్రేమ గుర్తుకు వస్తుంది. ఆ జ్ఞాపకంలో పశ్చాత్తాపం ఉన్నా, విస్మృతికి కారణం శాపం కనుక రాజు దోషం తేలికపడుతుంది. ‘న్వార్’లో గడియారం గుర్తుకు తెచ్చేది హత్యను. బాల్యంలో, సోల్దా ఆజ్ఞతో, మిరేయ్ తల్లిదండ్రులను చంపినది కిరికాయే. మరణించబోతూ తన కూతురిని చూసుకోమని మిరేయ్ తల్లి ఆ బాలికనే కోరింది.

ఇక్కడ కిరికాకు దుష్యంతునికి దొరికిన వెసులుబాటు అందుబాటులోనే ఉంది. ఆమె అప్పుడు పసిపిల్ల. ఆజ్ఞ పెద్దలది. తరువాత స్మృతి కూడా తొలగింది. సాయుధ సంఘర్షణలో పిల్లల వినియోగానికి వ్యతిరేకంగా ఐక్యరాజ్యసమితి సర్వసభ్యసభ 2000 మే నెలలో బాలల హక్కుల ఒడంబడికకు అనుబంధ నియమావళిని ఆమోదించింది. అటువంటి పిల్లలను రక్షణార్హులుగా చూడటం న్యాయదృష్టి. ఆ దృష్టి సమంజసమైనది. కానీ పెద్దదైన ఆ బిడ్డ తన చేతుల వైపు చూసుకున్నప్పుడు ఏమి అనుకోవాలో చట్టం చెప్పలేదు. కిరికా శాపం మీదకు నెపం నెట్టదు. ఒప్పందం ప్రకారం తనను చంపమని మిరేయ్ ముందు నిలబడుతుంది. బాధితురాలిగా తప్పుకునే మార్గం ఉండి కూడా కర్తగా నిలబడటం ఆమె మొదటి స్వతంత్ర చర్య.

7. మిరేయ్: ప్రతీకారపు తుది

మిరేయ్ జన్మస్థలం కోర్సికా కావడం యాదృచ్ఛికం కాదు. ప్రాస్పెర్ మెరిమే ‘కొలొంబా’ (1840) నాటి నుంచి ఫ్రెంచి సాహిత్యంలో ఆ ద్వీపం వంశప్రతీకారానికి పర్యాయపదం. మెరిమే నాయిక తండ్రి హత్యకు పగ తీర్చుకోవడానికి సోదరుని పురిగొల్పుతుంది. మిరేయ్ ఆ వారసత్వానికి చెందిన స్త్రీ. సిసిలీ మాఫియా నేపథ్యం గల రెండు భాగాలలో బాల్యంలోని భయం ఆమెను ఇంకా శాసిస్తున్నట్లు స్పష్టమవుతుంది. ఆమె వృత్తిలోని నిబ్బరం ఆ భయం మీద కప్పిన ముసుగు.

తల్లిదండ్రులను చంపిన వ్యక్తి ఎదుట నిలబడి, తానే చంపమని కోరిన క్షణంలో మిరేయ్ కాల్చలేకపోతుంది. దీనిని క్షమగా వ్యాఖ్యానించడం తొందరపాటు అవుతుంది. క్షమకు మరచిపోవడమో, మన్నించడమో ఆధారం. ఇక్కడ రెండూ లేవు. కలిసి తాగిన టీ, పంచుకున్న గది, కాపాడుకున్న ప్రాణాలు ఆమె వేలిని ఆపాయి. పగకు ఎదురుగా నిలిచింది ధర్మసూత్రం కాదు, సహజీవనం. జరిగిన నేరం అలాగే ఉంటుంది, బంధమూ అలాగే ఉంటుంది. ఒకటి రెండవదాన్ని రద్దు చేయదు.

8. ఆల్తెనా, క్లోయే: మాతృరూపంలోని అధికారం

కిరికా తన గతంతో పాటు ఆల్తెనా మందిరానికి తిరిగి వెళ్లడం కథలోని అంతిమ పరీక్ష. ఫ్రాన్స్, స్పెయిన్ సరిహద్దుల్లోని ఆ మందిరంలో ద్రాక్షతోటలు, పురాతన శిథిలాలు, ప్రశాంతత ఉన్నాయి. పారిస్ చీకటి కంటే ఆ వెలుగే భయంకరం. ఆల్తెనా మృదుభాషిణి. పిల్లలను కొట్టదు, తిట్టదు. యుద్ధంలో అనాథయై, మనిషి క్రౌర్యాన్ని చూసిన ఆమె, లోకపాపాన్ని మోయడానికి ఇద్దరు బాలికలను పాపంలోనే పెంచాలని నిశ్చయించుకుంది. తాను పొందిన గాయాన్ని సిద్ధాంతంగా మార్చి మరొక బిడ్డకు అందించింది. హింస తరం నుంచి తరానికి ప్రేమ రూపంలో సంక్రమించడాన్ని ఈ పాత్ర చిత్రించినంత సూక్ష్మంగా సోల్దా కుట్రలు చిత్రించలేదు.

క్లోయే ఈ పెంపకపు నిజమైన బాధితురాలు. బాల్యంలో కిరికా చేసిన హత్యలను చాటునుంచి చూసిన ఆమెకు ఆ దృశ్యం ఆరాధనాపాత్రమైంది. ఒకే సంఘటన మిరేయ్‌కు శోకం, కిరికాకు విస్మృతి, క్లోయేకు భక్తి. ఈ త్రికోణ నిర్మాణం త్సుకిమురా రచనలోని ఉత్తమాంశం. చివరకు మిరేయ్‌ను కాపాడటానికి కిరికా తన చేతులతోనే క్లోయేను చంపవలసి వస్తుంది. మొదటి భాగంలో అవలీలగా జరిగిన పని ఇక్కడ భరించరానిదవుతుంది. నైపుణ్యం అదే. దానిని చేసే మనిషి మారింది.

9. పరిమితులు

ఈ కృతి సాధించిన నైతిక గాంభీర్యానికి స్పష్టమైన హద్దులు ఉన్నాయి. కిరికా నజరోవ్‌ను, మిలోష్‌ను, బూకే దంపతులను, క్లోయేను గుర్తుంచుకుంటుంది. ప్రతి భాగంలో వరుసగా కూలిపోయే నల్లదుస్తుల పురుషులకు పేర్లు లేవు, ముఖాలు లేవు. వారికి ఇళ్లు ఉండవచ్చునన్న ఊహ కూడా కథనంలో లేదు. శోకం పేరున్నవారికే పరిమితమైనప్పుడు బాధ్యత కూడా అసంపూర్ణమే. రక్తరహిత శైలిపై వచ్చే అభ్యంతరం ఈ అనామకుల విషయంలో పూర్తిగా నిలుస్తుంది.

రెండవది దృశ్యదృష్టికి సంబంధించినది. 1975లో లారా మల్వీ ప్రతిపాదించిన పురుషదృష్టి భావన ఆధారంగా చూస్తే, పాఠశాల దుస్తుల బాలిక చేతిలో తుపాకిని ఉంచడంలోనే ఒక ప్రదర్శనాకాంక్ష ఉంది. కథ ఆ బాలికకు అంతరంగాన్ని ఇచ్చినా, ఆమెను చూడదగిన బొమ్మగా నిలిపిన తొలి ఆకర్షణను వదులుకోలేదు. మూడవది నిర్మాణపరమైనది. అవే గతస్మృతి దృశ్యాలు, అవే గీతాలు మితిమీరి పునరావృతమవుతాయి. జ్ఞాపకం కథావస్తువైన కృతిలో పునరావృత్తికి కొంత సమర్థన ఉంది. మధ్యభాగాలలోని మందగమనానికి ఆ సమర్థన చాలదు.

10. ముగింపు

ఆల్తెనాతో పాటు అగ్నికుహరంలోకి పడబోయిన కిరికా చేతిని మిరేయ్ పట్టుకుంటుంది. చావుతో రుణం తీర్చుకునే మార్గాన్ని ఆ చేయి మూసివేసింది. ఇక మిగిలింది జ్ఞాపకంతో బతకడం. ఇద్దరూ మందిరం విడిచి నడిచిపోయాక, కథ ముగిసిన తరువాత, రెండు తుపాకి చప్పుళ్లు వినిపిస్తాయి. ఎవరు ఎవరిని కాల్చారో చూపించరు. వారు మరణించారని కొందరు, శత్రువులను ఎదుర్కొన్నారని కొందరు వ్యాఖ్యానిస్తారు. ఏ వ్యాఖ్య సరైనదైనా, సంప్రదాయాన్ని తిరస్కరించడంతోనే గతం వదిలిపోదన్నది ఆ రెండు శబ్దాల తాత్పర్యం. పేరు లేకుండా కూలిపోయినవారి వైపు నుంచి కూడా లెక్క అడిగేవారు రావచ్చు.

విషకన్యకు దక్కని మాట కిరికాకు దక్కింది. ఆ మాటను ఆమె తన సమర్థనకు వాడుకోలేదు. తన చేతులతో జరిగినదాన్ని తనదని చెప్పడానికే వాడింది. హంతక స్త్రీని ఆయుధంగానో, అందంగానో మాత్రమే చూపే కథనాల నడుమ ‘న్వార్’ను వేరుగా నిలిపేది ఈ అంగీకారమే. దాని పరిధి ఎందరు మృతులకు విస్తరించిందన్న ప్రశ్న మాత్రం ఈ కోవకు చెందిన తరువాతి కృతుల పరిశీలనలోనూ అడగవలసినదిగా మిగిలి ఉంది.